హవానాలో ఆ చప్పుడు ఎవరిది?

2017 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కొన్ని క్షణాల ఆడియో ఒకటి బయటపెట్టింది. క్యూబా రాజధాని హవానాలో అమెరికా ఎంబసీ ఉద్యోగులు కొందరు జబ్బు పడ్డప్పుడు విన్న శబ్దాల్లో ఇదొకటని చెప్పింది. ‘హవానా సిండ్రోమ్’ అంటున్నది ఆ జబ్బునే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. సన్నగా, పదునుగా, ఆగకుండా సాగే రొద. రహస్య ఆయుధం అనే మాట ముందే చదివి ఉన్నాను కాబట్టి మొదటిసారి ఒళ్లు కాస్త జలదరించిన మాట నిజం. ఆ వార్త పక్కనపెట్టి రెండోసారి వింటే మాత్రం, వానాకాలం రాత్రి కరెంటు పోయాక పెరట్లోంచి వచ్చే గోల గుర్తొచ్చింది.

నాది చెవి మాత్రమే. 2019 జనవరిలో ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని కొలిచి చూశారు. ఒకరు బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన అలెగ్జాండర్ స్టబ్స్, ఇంకొకరు బ్రిటన్‌లోని లింకన్ యూనివర్సిటీలో కీటకాల శబ్దాల మీద పనిచేసే ఫెర్నాండో మాంటెఆలెగ్రె. సుమారు 7 కిలోహెర్ట్జ్ స్వరం, సెకనుకు 180 దాకా శబ్దపు దెబ్బలు. కరీబియన్ ప్రాంతంలో ఉండే ఒక రకం కీచురాయి అరుపుతో అది సరిపోయింది. ఒక్క తేడా మిగిలింది. కీచురాయి అరుపులో దెబ్బలు సమానంగా పడతాయి, ఎంబసీ రికార్డింగులో గజిబిజిగా ఉన్నాయి. అప్పుడు వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చింది. ఆరుబయట రికార్డు చేసిన కీచురాయి అరుపును ఇంట్లో స్పీకరు పెట్టి వినిపించి, దాన్ని మళ్లీ రికార్డు చేశారు. గోడలకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని కలిసేసరికి ఆ గజిబిజి అచ్చం అలాగే వచ్చింది.

ఇంకేం, కథ కంచికి అనుకుంటాం. కానీ కీచురాయి రికార్డింగును వివరించింది, జబ్బును కాదు. ఈ వ్యవహారం ఇన్నేళ్లుగా తెగకపోవడానికి కారణం కూడా అదే. ఇందులో నాలుగు ప్రశ్నలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. వాళ్లకు నిజంగా ఏదైనా అయిందా? అలాంటి బాధ కలిగించే పరికరం అసలు సాధ్యమేనా? సాధ్యమైతే, దాన్ని వీళ్ల మీద వాడారా? వాడితే ఎవరు? మొదటి ప్రశ్నకు దొరికిన సాక్ష్యాన్ని తీసుకెళ్లి నాలుగో ప్రశ్నకు జవాబుగా చూపించడం టీవీ చర్చల్లో మామూలైపోయింది. బాధితుడు నిటారుగా నిలబడలేకపోతున్నాడు, కాబట్టి అందరూ అనుమానించే రష్యా పనే అన్నట్టు. అవతలి వాళ్లూ తక్కువ తినలేదు. ఆయుధం దొరకలేదు, కాబట్టి వాళ్లకేమీ కాలేదంటారు.

ముందు జరిగింది చూద్దాం. యాభై ఏళ్లు దాటిన పగ పక్కనపెట్టి 2015లో అమెరికా, క్యూబా మళ్లీ ఎంబసీలు తెరుచుకున్నాయి. 2016 డిసెంబరు చివర్లో, హవానాలో దౌత్య ఉద్యోగి ముసుగులో పనిచేస్తున్న ఒక సీఐఏ అధికారి ఎంబసీ క్లినిక్‌కు వెళ్లాడు. రాత్రిపూట ఇంట్లో వింత శబ్దం, చెవినొప్పి, తలనొప్పి అని చెప్పాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చెవిలో మోత, కళ్లు తిరగడం, తలలో ఏదో ఒత్తిడి, మాట మర్చిపోవడం, నిద్ర పట్టకపోవడం. మంచం మీంచి లేచి పక్కగదిలోకి వెళ్తే శబ్దం ఆగిపోయిందని, వెనక్కొస్తే మళ్లీ మొదలైందని కొందరు చెప్పారు. ఈ కొసమాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

2017 మే నెలలో అమెరికా ఇద్దరు క్యూబా దౌత్యవేత్తలను పంపించేసింది, అక్టోబరులో ఇంకో 15 మందిని. తన సిబ్బందిలో సగానికి పైగా వెనక్కి రప్పించుకుంది. హవానాలోని కెనడా దౌత్య కుటుంబాలకూ ఇవే లక్షణాలు. 2018లో చైనాలోని గ్వాంగ్‌జౌ, తర్వాత వియన్నా, ఇంకా ఎన్నో చోట్ల. మన దేశం పేరూ ఇందులోకి వచ్చింది. 2021 సెప్టెంబరులో అప్పటి సీఐఏ అధిపతి విలియం బర్న్స్ ఢిల్లీ వచ్చినప్పుడు ఆయన బృందంలో ఒకరికి ఈ లక్షణాలు కనిపించాయని అమెరికా పత్రికలు రాశాయి.

మొదటి ప్రశ్నకు జవాబు వెతికింది డాక్టర్లు. 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వైద్యులు హవానా నుంచి వచ్చిన 21 మందిని పరీక్షించి, తలకు దెబ్బ తగలకుండానే దెబ్బ తగిలినవాళ్లకుండే లక్షణాలు వీళ్లలో ఉన్నాయని అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో రాశారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ వ్యాసంలోనే ఉన్న ఒక అంకె మీద మాత్రం నాడీమనస్తత్వ నిపుణులు మండిపడ్డారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లాంటి పరీక్షల్లో నూటికి కింది 40 మందిలో పడితే ‘లోపం’ ఉన్నట్టు లెక్కేశారు. మామూలుగా అయితే కింది ఐదుగురిలో పడితేనే లోపం అంటారు. ఈ 40 గీత ఎంత పని చేస్తుందో కాగితం మీద చూడొచ్చు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక పరీక్ష దాటే అవకాశం నూటికి 60. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది పరీక్షలు పెడితే, అన్నీ దాటేవాళ్లు వెయ్యిమందిలో ఆరుగురు. మిగిలిన 994 మందికీ ఎక్కడో ఒకచోట ‘లోపం’ దొరుకుతుంది. నాకూ దొరుకుతుంది, మీకూ దొరుకుతుంది. ఆ వైద్యులు తమ పద్ధతిని సమర్థించుకున్నారు గానీ, ఆ గీత ఆధారంగా తేలిన లోపాలను గట్టి సాక్ష్యంగా తీసుకోవడం కష్టం.

మరుసటి ఏడాది అదే బృందం 40 మంది మెదడు స్కాన్లను ఆరోగ్యంగా ఉన్న 48 మంది స్కాన్లతో పోల్చి, మెదడులోని తెల్లపదార్థం సగటున కాస్త తక్కువగా ఉందని చెప్పింది. తేడా ఉంది సరే, దేనివల్లో ఆ స్కాన్ చెప్పదని వాళ్లే ఒప్పుకున్నారు. 2024 మార్చిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఇంకా పెద్ద అధ్యయనం ప్రచురించింది. 80 మందికి పైగా బాధితుల ఎమ్మారై స్కాన్లలో మిగతావాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. రక్తపరీక్షలు, వినికిడి పరీక్షల్లోనూ అంతే. తూలిపోవడం, నీరసం, దిగులు లాంటివి మాత్రం వాళ్లలో స్పష్టంగా ఎక్కువ. నూటికి 28 మందిలో, మెదడు నిర్మాణం బాగానే ఉండి పనితీరులో తేడా వచ్చే రుగ్మత కనిపించింది.

దీన్ని పట్టుకుని “అంతా వాళ్ల భ్రమ” అని రాసినవాళ్లున్నారు. అలా రాయడం తొందరపాటు. చాలామందికి స్కాన్ తీసింది ఘటన జరిగిన వారాలు, నెలల తర్వాత. అప్పటికి మానిపోయిన గాయం అందులో కనిపించకపోవచ్చు. పైగా అదే ఏడాది ఆగస్టులో ఎన్ఐహెచ్ ఆ అధ్యయనాన్నే ఆపేసింది. తమ ఇష్టంతో కాక, బలవంతం మీద చేరాల్సి వచ్చిందని కొందరు చెప్పినట్టు అంతర్గత విచారణలో తేలింది. అంత మాత్రాన స్కాన్లు తప్పయిపోవు. నమ్మకం మాత్రం కొంత సడలింది.

రెండో ప్రశ్న నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. ధ్వని ఆయుధం సంగతి త్వరగా తేలిపోతుంది. మనిషి చెవికి అందని అల్ట్రాసౌండ్ గాలిలో కొద్దిదూరంలోనే బలం కోల్పోతుంది, గోడ దాటదు. చెవికి అందనంత మంద్రమైన ధ్వనికి గది నిండే స్పీకర్లు కావాలి. మిగిలింది మైక్రోవేవ్, అంటే మన సెల్‌ఫోను, వైఫై, వంటింటి ఓవెన్ వాడే కుటుంబంలోని రేడియో తరంగాలే.

ఇక్కడో పాత కథ ఉంది. 1960ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న అలన్ ఫ్రే అనే శాస్త్రవేత్తతో ఒక టెక్నీషియన్, రాడార్ తనకు ‘వినిపిస్తోంది’ అన్నాడు. అందరూ నవ్వే మాట. ఫ్రే నవ్వకుండా వెళ్లి అక్కడ నిలబడ్డాడు. ఆయనకూ వినిపించింది. 1962లో దాని మీద పరిశోధన పత్రం ప్రచురించాడు. జరిగేదేమిటంటే, రాడార్ తరంగం నిరంతరంగా కాక, సెకనులో లక్షోవంతు సేపుండే చిన్నచిన్న దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బకు తలలోని కణజాలం ఒక డిగ్రీలో లక్షోవంతు కన్నా తక్కువే వేడెక్కుతుంది. ఏ థర్మామీటరుకూ అందదు. కానీ ఆ వేడి క్షణంలో వెయ్యోవంతైనా పట్టకుండా రావడంతో కణజాలం చటుక్కున ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఒత్తిడి అలగా మారి పుర్రె గుండా లోపలి చెవికి చేరుతుంది. చెవికి అది టిక్కుమనో, బుస్సుమనో వినబడుతుంది. శబ్దం గాలిలో పుట్టలేదు, తలలోనే పుట్టింది. చెవులు మూసుకున్నా ఆగదు.

కళ్లముందే ఉన్నా చాలామంది దాటేసిన సంగతి ఇక్కడుంది. తలలోనే పుట్టే శబ్దం మైక్రోఫోనులో పడదు. అంటే, మైక్రోవేవ్ ఆయుధానికి సాక్ష్యంగా ఊరంతా తిప్పిన ఆ రికార్డింగు, నిజానికి మైక్రోవేవ్ వాదానికి ఎదురు తిరుగుతుంది. రికార్డయిందంటే అది గాలిలో పుట్టిన శబ్దమే. ఆ రికార్డింగును కింద పడేస్తేనే మైక్రోవేవ్ వాదం బతుకుతుంది.

సరే, ఫ్రే ప్రభావం నిజం. వినిపించడానికీ, మెదడు దెబ్బతినడానికీ మధ్య దూరమెంత? పెన్సిల్వేనియా యూనివర్సిటీకే చెందిన కెనెత్ ఫోస్టర్ ఈ ప్రభావం ఎలా పుడుతుందో 1970ల్లో తేల్చినవాళ్లలో ఒకడు. మామూలు రాడార్ పుట్టించే ఒత్తిడి అల మెదడును దెబ్బతీయడానికి ఏ మూలకూ చాలదని, శక్తిని అంతగా పెంచితే గాయానికి ముందు చర్మం కాలుతుందని ఆయన వాదన. దశాబ్దాలుగా ఇదే రంగంలో ఉన్న జేమ్స్ లిన్ మాత్రం, ఒక్కో దెబ్బ శక్తిని బాగా పెంచితే హాని సాధ్యమేనంటాడు. ఇద్దరూ తెలిసినవాళ్లే. మనుషుల మీద పరీక్షించి తేల్చుకునే వీలు లేని తగువు ఇది.

పక్కగది మాట గుర్తుందా? దాన్ని ఇక్కడ పెట్టి చూడండి. పుర్రెలోకి చొచ్చుకెళ్లే మైక్రోవేవ్ అల పొడవు 10 సెంటీమీటర్లు అనుకుందాం. వ్యాను వెనక దాచగలిగే మీటరు వెడల్పు యాంటెన్నాతో దాన్ని వదిలితే, ప్రతి 10 మీటర్లకూ సుమారు మీటరు చొప్పున విచ్చుకుంటుంది. వంద మీటర్ల దూరానికి 10 మీటర్ల వెడల్పు. మంచం కాదు, పక్కగది, పక్కింటివాళ్ల హాలు కూడా అందులో పడతాయి. సన్నటి బీమ్ కావాలంటే అల పొడవు తగ్గించాలి. తగ్గిస్తే గోడ దాటదు, చర్మం కూడా దాటదు. అమెరికా సైన్యం తయారుచేసిన యాక్టివ్ డినయల్ సిస్టమ్ సరిగ్గా ఆ రెండో రకం. 95 గిగాహెర్ట్జ్ తరంగం, చర్మంలో అర మిల్లీమీటరు కూడా దిగదు, భరించలేని మంట పుట్టిస్తుంది. దానికొక ట్రక్కు కావాలి. 2010లో అఫ్గానిస్తాన్ తీసుకెళ్లి, ఒక్కసారీ వాడకుండా వెనక్కి తెచ్చారు. శక్తి ఆయుధాలు కట్టుకథ కాదనడానికి అది రుజువు, అవి ఎంత భారీగా ఉంటాయో అనడానికి కూడా. యాంటెన్నాను పక్క అపార్ట్‌మెంటులోనే పెడితే లెక్క మారుతుంది, నిజమే. పది మీటర్ల దూరంలో బీమ్ ఒక మంచానికి సరిపోతుంది. అప్పుడు కూడా ఇంట్లో వైఫై, టీవీ, ఫోను ఏదో ఒకటి పిచ్చెక్కినట్టు ప్రవర్తించాలి. హవానా వెళ్లిన ఎఫ్‌బీఐ బృందాలకు దాడి ఆనవాలేదీ దొరకలేదు.

మైక్రోవేవ్ వాదులకు బలమైన పాత సాక్షి మాస్కో. 1953 నుంచి 1976 దాకా సోవియట్లు అక్కడి అమెరికా ఎంబసీ మీదికి మైక్రోవేవ్‌లు వదిలారు. ఇందులో ఊహ లేదు, కొలిచారు. గరిష్ఠంగా చదరపు సెంటీమీటరుకు 18 మైక్రోవాట్లు. అప్పటి అమెరికా భద్రతా పరిమితిలో ఐదువందల వంతు కన్నా తక్కువ. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అక్కడ పనిచేసినవాళ్లనూ, తూర్పు యూరప్‌లోని వేరే ఎంబసీల్లో పనిచేసినవాళ్లనూ పోల్చి, దానివల్ల ఆరోగ్యం చెడిందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 1978లో చెప్పారు. మరి ఎందుకు వదిలినట్టు? చెప్పుకునే కారణాల్లో ఒకటి నిఘా. 1945లో సోవియట్ పిల్లలు అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా అధికార ముద్ర (గద్ద బొమ్మ) ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఏడేళ్లు గోడకు వేలాడాక తెలిసింది, లోపల మైక్ ఉందని. దానికి బ్యాటరీ లేదు. బయటి నుంచి రేడియో తరంగం తగిలినప్పుడే అది మాటలు మోసుకెళ్లేది. ఎంబసీ మీదికి తరంగం వస్తోందంటే ఎవరినో కొట్టడానికే అనుకోనక్కర్లేదన్నమాట.

2020 డిసెంబరులో అమెరికా జాతీయ సైన్సు అకాడమీల కమిటీ ఒకటి, తాము పరిశీలించిన వివరణల్లో పల్స్ రూపంలో, అంటే చిన్నచిన్న దెబ్బలుగా వచ్చే రేడియో శక్తి అన్నిటికన్నా ఎక్కువ పొసిగేలా ఉందని రాసింది. హెడ్డింగులన్నీ ఆయుధం ఖాయమన్నట్టే వచ్చాయి. ‘ఉన్నవాటిలో పొసిగేది’ వేరు, ‘జరిగింది’ వేరు. పెళ్లిచూపులకు వచ్చిన ముగ్గురిలో ఒకడు నయమనిపించినంత మాత్రాన ముహూర్తం పెట్టేసినట్టు కాదు కదా. ఆ కమిటీ లెక్కలోకి తీసుకున్నవాటిలో దోమలమందుల విషం, అంటువ్యాధులు, మానసిక కారణాలు ఉన్నాయి. దోమల సంగతి కెనడా పరిశోధకులు 2019లోనే ఎత్తారు. దోమలు మోసే జికా వైరస్ భయంతో హవానాలో విపరీతంగా పొగ కొట్టించారు, ఆ రసాయనాలు నరాల మీద పనిచేస్తాయి. ఒకరిద్దరికి అది నిజమై ఉండొచ్చు. వియన్నా వాళ్లకు ఏం చెబుతాం?

మూడో ప్రశ్నకు వచ్చేసరికి లెక్కలు పెద్దవవుతాయి. అమెరికా నిఘా సంస్థలు 96 దేశాల నుంచి వచ్చిన సుమారు 1,500 ఫిర్యాదులు చూశాయి. ఇది ఎలా పెరిగిందో గమనించాలి. తలనొప్పి, చెవిలో మోత, కళ్లు తిరగడం లేని ఊరు లేదు. ప్రపంచమంతా విస్తరించిన వేలమంది ఉద్యోగులకు ‘ఇలాంటివి ఉంటే వెంటనే చెప్పండి’ అని ఉత్తర్వు వెళ్తే చెప్పుకునేవాళ్లు వస్తారు, రావాలి కూడా. 1954లో సియాటిల్ ప్రాంతంలో కార్ల అద్దాల మీద సన్నటి గుంటలు పడుతున్నాయని వేలమంది ఫిర్యాదు చేశారు. హైడ్రోజన్ బాంబు పరీక్షల బూడిద వల్లనే అనుకున్నారు. గుంటలు నిజమే, కానీ పాతవి. అన్నాళ్లూ అద్దంలోంచి రోడ్డును చూసినవాళ్లు ఆ వారం అద్దాన్ని చూశారు.

ఇక్కడొక జాగ్రత్త. తాడును చూసి పామనుకున్నవాడి గుండె నిజంగానే దడదడలాడుతుంది, చెమట నిజంగానే పడుతుంది. కింద పడితే కాలు కూడా నిజంగానే విరుగుతుంది. మీ మీద ఎవరో కనపడని ఆయుధం గురిపెట్టారని మీ ఆఫీసే మీకు చెబితే, ప్రతిరాత్రీ ఆ టెన్షన్‌తో పడుకుంటే, ఒంట్లో సమతూకం చూసే వ్యవస్థ నెలల తరబడి గాడి తప్పడం వైద్యులకు తెలిసిన విషయమే. అది నటన కాదు, పిరికితనం అంతకన్నా కాదు. ఈ మాట చెప్పకుండా ‘మాస్ హిస్టీరియా’ అని ముద్ర వేసినవాళ్లు బాధితుల్ని ఆయుధం వాదంలోకి ఇంకాస్త నెట్టారని నా అనుమానం.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. అధికార పత్రాల్లో వీటిని ‘అసాధారణ ఆరోగ్య ఘటనలు’ అంటారు, కారణం గురించి ఏమీ చెప్పని మాట. 2021లో బాధితులకు పరిహారం ఇవ్వడానికి తెచ్చిన చట్టం పేరు మాత్రం హవానా యాక్ట్. ఆ ఇంగ్లిష్ పొడి అక్షరాలను విడదీస్తే చివర్లో ‘అటాక్స్’ ఉంటుంది. దాడి జరిగిందో లేదో తేలకముందే చట్టం పేరులో దాడి ఎక్కేసింది. డబ్బు ఇవ్వడం మాత్రం న్యాయమే.

2023 మార్చిలో ఏడు నిఘా సంస్థల్లో ఐదు, విదేశీ శత్రువు హస్తం ‘వెరీ అన్‌లైక్లీ’, అంటే ఉండే అవకాశం చాలా తక్కువ అన్నాయి. ఒకటి ఇంకాస్త మెత్తగా ‘అన్‌లైక్లీ’ అంది, ఒకటి ఏమీ తేల్చలేదు. పత్రికలు దీన్ని ‘రష్యా కాదు’ అని రాసేశాయి. ఆ సంస్థల సొంత నిఘంటువులో ‘వెరీ అన్‌లైక్లీ’ అంటే నూటికి 5 నుంచి 20 అవకాశం. సున్నా కాదు. మరుసటి ఏడాది రష్యన్ వార్తా వెబ్‌సైట్ ది ఇన్‌సైడర్, జర్మన్ పత్రిక డెర్ స్పీగెల్, అమెరికా టీవీ సీబీఎస్ కార్యక్రమం ‘60 మినిట్స్’ కలిసి, రష్యా సైనిక నిఘా విభాగం 29155 మనుషులు కొన్ని ఘటనల సమయంలో దగ్గర్లోనే ఉన్నారని చూపించాయి. కొట్టిపారేయాల్సిన పరిశోధన కాదు. కానీ గూఢచారులు తిరగని రాజధాని ఉంటుందా? వాళ్లు వెళ్లినా ఎవరికీ ఏమీ కాని ఊళ్లెన్ని, వాళ్లు లేకపోయినా ఘటనలు జరిగిన ఊళ్లెన్ని అనే లెక్క కూడా చేర్చి చూస్తేనే ఆ పరిశోధన ఏదైనా చెబుతుంది.

2025 జనవరిలో నివేదికను సవరించారు. ఐదు సంస్థలు పాతమాట మీదే ఉన్నాయి. ఒకటి, అలాంటి పరికరాన్ని ఎవరో తయారుచేసి ఉండే అవకాశం సగంసగం అంది. ఇంకొకటి, కొద్దిమంది మీద వాడి ఉండే అవకాశమే సగంసగం అంది. గమనించారా, మొదటిది రెండో ప్రశ్నకు జవాబు, రెండోది మూడో ప్రశ్నకు. నా అంచనా అడిగితే, 1,500లో దాదాపు అన్నిటికీ ఆయుధం అక్కర్లేదు. హవానాలో మొదటి కొద్దిమంది విషయంలో మాత్రం తలుపు పూర్తిగా మూయడానికి నాకు చేతులు రావడం లేదు. ఒక్కసారిగా మొదలవడం, ఒకే చెవిలో వినపడటం, ఒక దిక్కు నుంచి వస్తున్నట్టుండటం లాంటి లక్షణాలు మామూలు తలనొప్పిలో అంత తేలిగ్గా ఇమడవు.

2026 జనవరిలో సీఎన్ఎన్ ఒక వార్త ఇచ్చింది. అమెరికా ప్రభుత్వం కోట్ల డాలర్లు పెట్టి రహస్యంగా ఒక పరికరం కొన్నదట. బ్యాగులో పట్టేంత, కొన్ని విడిభాగాలు రష్యావి, పల్స్ రూపంలో రేడియో తరంగాలు వదులుతుంది. అప్పటికి ఏడాదికి పైగా పెంటగాన్ దాన్ని పరీక్షిస్తోందట. పరీక్షలు గట్టిగా చేస్తే రెండో ప్రశ్నకు జవాబు దొరకొచ్చు. మూడోదానికి కావాల్సింది వేరు. ఆ రాత్రుల్లో ఆ పడకగదుల్లోకి ఏ తరంగం ఎంత వచ్చిందో కొలిచిన కాగితం. 2016 చివర్లో ఆ ఇళ్లలో కొలిచే పరికరాలు లేవు, సెల్‌ఫోన్లు ఉన్నాయి. వాటిలో పడింది కీచురాయి.